పనిచేసే యాప్ ఫోన్‌లో, పాత ఫొటోలు కార్డులో

(వానాకాలం సాగుకు ముందు జరిగిన మన సంఘం మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన సభ్యుల కోసం కొద్దిపాటి సవరణలతో ఇక్కడ ఇస్తున్నాం.)



తరగతి ఎజెండాలో ‘మెమరీ కార్డు’ అన్న మాట చూసి కొందరు నవ్వుకున్నారని తెలిసింది. మద్దతు ధర గురించి, కౌలు రైతుల గుర్తింపు గురించి, ఎరువుల గురించి మాట్లాడుకునే చోట ఈ సెల్‌ఫోన్ పాఠం ఏమిటని అడిగారట. న్యాయమైన ప్రశ్నే. నాలుగేళ్ల కిందట అయితే నేనూ అదే అడిగేవాణ్ణి. ఇప్పుడు అడగడం లేదు. ఎందుకో ఒక సంగతి చెబుతాను.

మా పక్క ఊళ్లో ఒక రైతు ఉన్నాడు. నాలుగు ఎకరాల పత్తి. ఆయన ఫోను 32 జీబీది, కొని నాలుగేళ్లయింది. పోయిన పత్తి సీజన్లో కొనుగోలు కేంద్రానికి పోవాలంటే యాప్‌లో స్లాట్ తీసుకోవాలన్నారు కదా. ఆయన యాప్ ఎక్కించబోతే ఫోన్‌లో చోటు లేదని వచ్చింది. టౌన్‌లో ఒక మొబైల్ షాపుకు పోయాడు. అక్కడి పిల్లవాడు 64 జీబీ మెమరీ కార్డు ఒకటి అమ్మి, సెట్టింగ్స్ లోపల ఎక్కడో ఉండే డెవలపర్ ఆప్షన్స్‌లో ఒక మీట నొక్కి, యాప్‌లన్నింటినీ ఆ కార్డులోకి మార్చి ఇచ్చాడు. ‘ఇంక నీకు రంది లేదు పెద్దయ్యా’ అన్నాడు. నిజమే, పది రోజులు ఏ రందీ లేకుండా గడిచింది.

పదకొండో రోజు కొడుకు ఆ కార్డు తీసి ట్రాక్టర్‌లో పాటల డబ్బాకు పెట్టుకున్నాడు. కార్డులో పాటలు కూడా ఉన్నాయి మరి. ట్రాక్టర్ కిరాయికి వేరే ఊరు పోయింది. ఆ పొద్దునే స్లాట్లు తెరిచారు. ఈయన ఫోన్ తీసి చూస్తే యాప్ గుర్తు బూడిద రంగుకు తిరిగి ఉంది. నొక్కితే యాప్ లేదంటున్నది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. సాయంత్రం ట్రాక్టర్ ఇంటికి వచ్చి, కార్డు మళ్లీ ఫోన్‌లోకి చేరేసరికి ఆ విడత స్లాట్లు నిండిపోయాయి. ఇంట్లో పత్తి కుప్ప, నెత్తిన అప్పు వాయిదా. ఆగలేక బయటి వ్యాపారికి అమ్మేశాడు. 2025-26 సీజన్లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆయనకు వచ్చింది అంతకంటే వెయ్యికి పైగా తక్కువ. ఇరవై క్వింటాళ్లకు లెక్క మీరే కట్టుకోండి.

ఇంట్లో అందరూ కొడుకును తిట్టారు. నేను ఆ పిల్లవాణ్ణి తప్పు పట్టను. మెమరీ కార్డు అంటేనే తీసి పెట్టుకునే వస్తువు. తీస్తే ఆగిపోయే చోట బతుకుదెరువు యాప్‌ను పెట్టడమే తప్పు. ఆ సంగతి ఆయనకు చెప్పినవాళ్లు లేరు. అందుకే ఈ పూట ఈ పాఠం.

విత్తనం ఇంట్లో, గడ్డి దొడ్లో

ఫోన్‌లో సరుకు పెట్టుకునే చోట్లు రెండు. ఒకటి ఫోన్ లోపలే, బోర్డుకు అతికించి ఉండే చోటు. దాన్ని ఇంటర్నల్ స్టోరేజ్ అంటారు. ఫోన్ కొన్నప్పుడు 32 జీబీ, 64 జీబీ, 128 జీబీ అని డబ్బా మీద రాసేది దాని సంగతే. రెండోది మనం విడిగా కొని పెట్టుకునే మెమరీ కార్డు.

మన ఇళ్లల్లో విత్తనాన్ని ఎక్కడ పెడతాం? ఇంట్లో, తడి తగలని చోట, చేతికి అందేలా పెడతాం. గడ్డిని ఎక్కడ వేస్తాం? దొడ్లో వామి వేస్తాం. విత్తనం మూటను వామిలో దాచి, గడ్డిని తెచ్చి నడింట్లో కుప్ప పోస్తే ఎలా ఉంటుంది? మన ఫోన్లలో జరుగుతున్నది సరిగ్గా అదే. పెళ్లి వీడియోలు, శుభోదయం బొమ్మలు, ఎవరో పంపిన సినిమా ముక్కలు ఫోన్ లోపల నిండి ఉంటాయి. చోటు లేదని బ్యాంకు యాప్‌ను, పంట యాప్‌ను కార్డులోకి తోస్తాం. ఇది తిరగబడాలి. ఈ ఉపన్యాసం మొత్తంలో గుర్తు పెట్టుకోవలసింది ఈ ఒక్క మాటే: పనిచేసే యాప్ ఫోన్‌లో ఉండాలి, దాచుకునే ఫొటోలు, వీడియోలు, పాటలు కార్డులో ఉండాలి.

ఎందుకు అలా అనేది ఇప్పుడు చూద్దాం. నాలుగు కారణాలు చెబుతాను.

మొదటిది, కార్డులోకి మార్చినా యాప్ మొత్తం పోదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్‌ను కార్డులో పెట్టే వీలు 2010లో, 2.2 వెర్షన్‌తో వచ్చింది. అప్పటి ఫోన్లలో లోపలి చోటు చాలా తక్కువ కాబట్టి ఆ వీలు కల్పించారు. కానీ ఆ పద్ధతిలో కార్డులోకి పోయేది యాప్ ప్యాకెట్ మాత్రమే. మన వివరాలు, యాప్ రాసుకునే లెక్కల పుస్తకం, అది నడవడానికి కావలసిన మరికొన్ని ఫైళ్లు ఫోన్ లోపలే ఉండిపోతాయి. అంటే బస్తా దొడ్లోకి పోయినా గింజల్లో కొంత భాగం ఇంట్లోనే ఉంటుంది. మనం అనుకున్నంత చోటు మిగలదు.

రెండోది, వేగం. పెద్ద ఫైలును ఒకేసారి కార్డులో రాయడం వేరు, చిన్న చిన్న ఫైళ్లను వందల సార్లు అటూ ఇటూ చదవడం, రాయడం వేరు. వీడియో మొదటి రకం పని. యాప్ రెండో రకం పని చేస్తుంది. మొదటి రకానికి మామూలు కార్డు చాలు. రెండో రకం పనిలో మామూలు కార్డు ఫోన్ లోపలి స్టోరేజ్ కంటే చాలా వెనకబడుతుంది. బరువు ఒక్కటే అయినా, ఒక బస్తాను ఒకసారి మోయడం, దోసిళ్లతో వందసార్లు మోయడం ఒకటి కాదు గదా. యాప్ తెరుచుకోవడానికి నిమిషం పడుతున్నదంటే అన్నిసార్లూ సిగ్నల్ తప్పే కాదు, కొన్నిసార్లు కార్డు తప్పు కూడా.

మూడోది, వెనకాల నడిచే పని. కొన్ని యాప్‌లు మనం తెరవకపోయినా లోపల పని చేస్తూ ఉంటాయి. సమయానికి గంట కొట్టేవి, మెసేజ్ వచ్చిందని చెప్పేవి, వివరాలను సర్వర్‌తో సరిచూసుకునేవి ఈ రకం. కార్డు కదిలినా, తీసినా వాటి పని అక్కడికి ఆగిపోతుంది. కార్డు మళ్లీ పెట్టినా ఆగిన పని దానంతటది మొదలు కాకపోవచ్చు. అందుకే ఇలాంటి యాప్‌లను కార్డులో పెట్టకూడదని ఆండ్రాయిడ్ తయారీదారులే యాప్ రాసేవాళ్లకు చెప్పారు. చాలా యాప్‌లకు ‘కార్డులోకి మార్చు’ అన్న మీటే కనిపించకపోవడానికి కారణం అదే. మీ ఫోన్ పాడైంది కాబట్టి కాదు. షాపు పిల్లవాడు డెవలపర్ ఆప్షన్స్‌లో నొక్కింది ఆ నిషేధాన్ని బలవంతంగా దాటించే మీట. దాన్ని తాకవద్దు.

నాలుగోది, కార్డు ఆయుష్షు. కార్డులో ఒక్కో గదిలో ఇన్నిసార్లే రాయగలం అన్న హద్దు ఉంటుంది. యాప్‌లు రోజంతా రాస్తూనే ఉంటాయి కాబట్టి చవక కార్డు తొందరగా అరిగిపోతుంది. పైగా మన ఫోన్లు ఎండలో, దుమ్ములో, చెమట పట్టిన జేబులో తిరుగుతాయి. కార్డు చెడిపోయే ముందు చెప్పి చెడిపోదు. ఫొటో పోతే బాధపడతాం. స్లాట్ పోతే నష్టపోతాం.

కార్డు పెట్టగానే అడిగే ప్రశ్న

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో ఇంకో పద్ధతి వచ్చింది. కొన్ని ఫోన్లలో కొత్త కార్డు పెట్టగానే ఒక ప్రశ్న వస్తుంది: దీన్ని పోర్టబుల్ స్టోరేజ్‌గా వాడాలా, ఫోన్ స్టోరేజ్‌గా వాడాలా? చదవకుండా ఏదో ఒకటి నొక్కేస్తాం. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి.

ఫోన్ స్టోరేజ్ అని నొక్కితే ముందు కార్డులో ఉన్నదంతా చెరిపేస్తుంది. తర్వాత ఆ కార్డుకు తాళం వేసి, ఆ ఒక్క ఫోన్‌కే కట్టేస్తుంది. ఆ కార్డును తీసి వేరే ఫోన్‌లో పెట్టినా, కంప్యూటర్‌లో పెట్టినా, ట్రాక్టర్ డబ్బాలో పెట్టినా చదవదు. ఖాళీ కార్డనుకుని ఫార్మాట్ చేయమంటుంది. చేశారా, యాప్‌లు, ఫొటోలు అన్నీ పోయినట్టే. ఫోన్ పాడైనా కార్డులోవి దక్కవు, తాళంచెవి ఆ ఫోన్‌లోనే ఉండిపోతుంది కాబట్టి.

పోర్టబుల్ అని నొక్కితే కార్డు మామూలు సంచిలా ఉంటుంది. ఎక్కడ పెట్టినా తెరుచుకుంటుంది. మనకు కావలసింది ఇదే. ఆ ప్రశ్న వస్తే పోర్టబుల్ ఎంచుకోండి. చాలా కంపెనీలు ఈ ప్రశ్నే తీసేసి కార్డును నేరుగా పోర్టబుల్‌గానే వాడనిస్తున్నాయి. అదీ మంచిదే.

అయితే సంచికి తాళం ఉండదన్నది కూడా గుర్తుండాలి. పోర్టబుల్ కార్డు ఎవరి చేతికి పోతే వాళ్లు చూడగలరు. ఆధార్ ఫొటో, పట్టాదారు పాసుపుస్తకం ఫొటో, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ ఫొటో కార్డులో పెట్టకండి. అవి ఫోన్ లోపలే ఉంచండి, లేదా డిజిలాకర్‌లో పెట్టుకోండి. ఫోన్ రిపేరుకు ఇచ్చేటప్పుడు కార్డును, సిమ్‌ను తీసి జేబులో వేసుకుని మరీ ఇవ్వండి.

మరి చోటు ఎక్కడి నుంచి తేవాలి?

యాప్‌లు లోపలే ఉండాలంటే లోపల చోటు చేయాలి. 32 జీబీ ఫోన్ కొంటే 32 జీబీ మన చేతికి రాదు. ఆండ్రాయిడ్, కంపెనీవాళ్లు ముందే ఎక్కించిన యాప్‌లు పెద్ద వాటా తీసుకుంటాయి. మిగిలిందాన్నే మనం జాగ్రత్తగా వాడుకోవాలి. ఫోన్ పూర్తిగా నిండితే నెమ్మదించడం ఒక్కటే కాదు, యాప్‌లు అప్‌డేట్ కావు, కొన్ని ఫోన్లలో మెసేజ్‌లు కూడా అందవు. ఓటీపీ రాలేదని మీసేవ దగ్గర గంట నిలబడ్డవాళ్లలో కొందరి బాధ ఇదే. కాబట్టి ఎప్పుడూ రెండు మూడు జీబీ ఖాళీగా ఉంచుకోండి.

ఇప్పుడే ఫోన్లు తీయండి. సెట్టింగ్స్‌లోకి పోయి స్టోరేజ్ నొక్కండి. దేనికి ఎంత చోటు పోయిందో చారలుగా చూపిస్తుంది. మనలో ఎక్కువమందికి మొదట ఉండేవి వీడియోలు, ఫొటోలే.

ముందు వాట్సాప్ సంగతి. వాట్సాప్ యాప్ కార్డులోకి పోదు, అందులో వచ్చే బొమ్మలూ వీడియోలూ కూడా ఫోన్ లోపలే పడతాయి. దానికి రెండు పనులు చేయాలి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’లోకి పోతే మీడియా ఆటో డౌన్‌లోడ్ అని ఉంటుంది. అక్కడ టిక్కులన్నీ తీసేయండి. అప్పటి నుంచి మీరు నొక్కి తెరిచిందే దిగుతుంది, మిగతాది దిగదు. అక్కడే ‘మేనేజ్ స్టోరేజ్’లో 5 ఎంబీ కంటే పెద్ద ఫైళ్లన్నీ ఒకచోట చూపిస్తుంది. అక్కర్లేనివి తీసేయండి. ఈ ఒక్క పనితో గ్రూపులు ఎక్కువున్న ఫోన్‌లో చాలా చోటు దొరుకుతుంది.

తర్వాత కెమెరా. కెమెరా తెరిచి దాని సెట్టింగ్స్‌లో స్టోరేజ్ లొకేషన్ దగ్గర ఎస్‌డీ కార్డు పెట్టండి. ఇక తీసే ఫొటోలు నేరుగా కార్డులోకి పోతాయి. మామూలు నాణ్యతలో తీసిన వీడియో నిమిషానికి 100 ఎంబీ దాటుతుంది. ఒక పెళ్లి బరాత్ పది నిమిషాలు తీస్తే ఒక జీబీ పోయినట్టే. అది కార్డులో పడితే మనకు చింత లేదు.

పాత ఫొటోలను ఫైల్స్ యాప్‌తో కార్డులోకి మార్చండి. ముందు కాపీ చేసి, కార్డులో రెండు మూడు తెరిచి చూసి, ఆ తర్వాతే ఫోన్‌లోవి తీసేయండి. పంట నష్టం ఫొటోలు, చేను ఫొటోలు ఉంటే వాటిని కార్డులో ఒకటి, ఇంకెక్కడన్నా ఒకటి పెట్టుకోండి. ఒకే చోట ఉన్నది ఎప్పుడైనా పోతుంది.

వాడని యాప్‌లు తీసేయండి. ఫోన్‌తో వచ్చినవి కొన్ని పూర్తిగా పోవు. వాటిని ‘డిసేబుల్’ చేయవచ్చు.

ఇంకొక జాగ్రత్త. యాప్ వివరాల్లో రెండు మీటలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి క్లియర్ క్యాష్, ఇంకొకటి క్లియర్ డేటా లేదా క్లియర్ స్టోరేజ్. క్యాష్ అంటే యాప్ తాత్కాలికంగా దాచుకునే చెత్త. దాన్ని తీస్తే నష్టం లేదు. డేటా తీస్తే యాప్ మొదటికి వస్తుంది. లాగిన్ పోతుంది. సిగ్నల్ లేక పంపకుండా లోపల దాచిన ఫొటోలు, వివరాలు ఉంటే అవీ పోతాయి. రెండో మీట దగ్గరకు పోవద్దు.

కార్డు కొనేటప్పుడు

కార్డు కొనడం తప్పు కాదు, ఫొటోలకూ వీడియోలకూ కొనండి. కానీ మూడు సంగతులు చూసుకోండి.

ఒకటి, మీ ఫోన్‌లో కార్డుకు విడిగా చోటు ఉందా, లేక రెండో సిమ్ చోటే కార్డుకూ వాడాలా? చాలా ఫోన్లలో రెండో రకమే ఉంటుంది. కార్డు కోసం ఒక సిమ్ తీసేస్తారు. ఆ తీసిన సిమ్ ఆధార్‌కో బ్యాంకు ఖాతాకో కట్టిన నంబరైతే ఓటీపీలన్నీ ఆగిపోతాయి. కార్డు పెట్టుకున్న సంతోషంలో ఆ సిమ్‌ను గూట్లో పడేసి, రీచార్జి కూడా మానేసి, ఆఖరికి నంబరే పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. సిమ్ ముందు, కార్డు తర్వాత.

రెండు, కార్డు మీద గుర్తులు. వలయంలో 10 అని ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ రాయగలదని అర్థం. ఫొటోలకూ మామూలు వీడియోలకూ అది సరిపోతుంది. ఏ1 అని ఉంటే యాప్‌లు చేసే చిన్న చిన్న పనులకు కూడా కొంత పనికొస్తుందని అర్థం. ఏ2 దానికంటే మెరుగు. మీ ఫోన్ ఎంత పెద్ద కార్డును తీసుకుంటుందో కూడా అడగండి. 32 జీబీ కార్డు ఫోన్‌లో సుమారు 29 జీబీగా కనిపిస్తే కంగారు పడకండి. కంపెనీవాడు వెయ్యితో లెక్క కడతాడు, ఫోన్ 1,024తో లెక్క కడుతుంది. అది మోసం కాదు.

మూడు, మోసం ఇక్కడ ఉంటుంది. సంతలో రెండు వందలకు 512 జీబీ అని అమ్మేవి నకిలీవి. లోపల ఉండేది ఏ 8 జీబీనో. 512 ఉన్నట్టు ఫోన్‌కు అబద్ధం చెప్పేలా చేసి ఉంటారు. ఆ 8 జీబీ నిండేదాకా బాగానే ఉంటుంది. తర్వాత రాసినవి తెరుచుకోవు, పాతవి కూడా చెడిపోతాయి. నకిలీ విత్తనం మొలకెత్తే దాకా తెలియనట్టే ఇదీ నిండేదాకా తెలియదు. బిల్లు తీసుకోండి. కొత్త కార్డును కంప్యూటర్‌కు పెట్టి అంచు దాకా వీడియోలతో నింపి, చివరివి తెరుచుకుంటున్నాయో లేదో చూసి, తర్వాతే ఇంటి ఫొటోలు అందులో పెట్టండి.

కార్డు తీయాలనుకుంటే సెట్టింగ్స్‌లో ‘ఎజెక్ట్’ లేదా ‘అన్‌మౌంట్’ నొక్కి తీయండి. రాస్తుండగా లాగేస్తే ఫైళ్లు చెడిపోతాయి. ట్రాక్టర్‌కు పాటలు కావాలంటే వేరే పెన్‌డ్రైవ్ కొనివ్వండి. అంతకంటే చవకైన పరిష్కారం నాకు తెలియదు.

కార్డులో, వాట్సాప్‌లో తెచ్చే యాప్‌లు వద్దు

ఇదే అదనుగా ఇంకో మాట. ‘సిగ్నల్ లేదు కదా, యాప్‌ను నేను కార్డులో వేసి ఇస్తా’ అని కొందరు ఇస్తుంటారు. కొన్నిసార్లు వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో ఏపీకే అనే ఫైలు వస్తుంది. నొక్కితే యాప్ ఎక్కుతుంది. అది మన మెసేజ్‌లు చదివి, ఓటీపీలు కాజేసి, ఖాతా ఖాళీ చేస్తుంది. ఈ దొంగ ఫైళ్ల గురించి పోలీసులు ఎన్నోసార్లు హెచ్చరించారు. యాప్ అంటే ప్లే స్టోర్ నుంచే తీసుకోవాలి, అక్కడ కూడా పేరు, తయారుచేసినవాళ్ల పేరు చూసి తీసుకోవాలి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత ఆశ ఉంటుంది.

ఇది ఫోన్ సమస్య ఒక్కటే కాదు

ఇంతవరకు మనం చేసుకోవలసింది చెప్పాను. ఇప్పుడు సంఘం అడగవలసింది చెబుతాను.

పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు, మూడు విడతలు. దానికి ఈ-కేవైసీ కావాలి. ముఖం చూపించి చేసుకునే వీలు 2023లో యాప్‌లో తెచ్చారు. మంచిదే, వేలిముద్రలు అరిగిపోయిన ముసలివాళ్లకు అది మేలు. కానీ దానికి ఆ యాప్‌తో పాటు ఆధార్ వాళ్ల ఫేస్ యాప్ ఇంకొకటి ఎక్కించాలి. ఒక పనికి రెండు యాప్‌లు. పత్తి అమ్మడానికి 2025-26 సీజన్లో సీసీఐ కపాస్ కిసాన్ యాప్ పెట్టింది. బ్యాంకుకు ఒకటి, వాతావరణానికి ఒకటి, పంట బీమాకు ఒకటి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్నదే. అన్నీ కలిపితే 32 జీబీ ఫోన్ మీద మోయలేని మూట అవుతున్నది. ఆ మూట మోయలేనివాడు కొత్త ఫోన్ కొనాలి. అంటే మద్దతు ధర అందుకోవడానికి ముందు పదివేలు పెట్టుబడి పెట్టాలన్నమాట. ఎకరం కౌలు రైతు ఎక్కడ తెస్తాడు? ఇంట్లో ఒకటే ఫోను ఉండి, అది మగవాళ్ల జేబులో ఉంటే, సాగు చేసే ఆడబిడ్డ ఏం చేయాలి?

యాప్ పెట్టవద్దని మనం అనడం లేదు. లైన్లో రాత్రింబవళ్లు నిలబడ్డ రోజులు మనకు గుర్తున్నాయి. స్లాట్ సరిగ్గా నడిస్తే ఆ బాధ తప్పుతుంది. మనం అడిగేది ఇదీ: ఏ రైతు పనికైనా యాప్ ఒక దారి కావాలి, ఒకే దారి కాకూడదు. ప్రతి కొనుగోలు కేంద్రం దగ్గర, వ్యవసాయ కార్యాలయం దగ్గర కాగితంతో వచ్చిన రైతుకు మనిషి కూర్చుని స్లాట్ ఇవ్వాలి. యాప్‌లు తక్కువ చోటులో, పాత ఫోన్లలో, బలహీనమైన సిగ్నల్‌లో కూడా నడిచేలా ఉండాలి. తెలుగులో ఉండాలి. ఫోన్ చేసినా పని జరగాలి. బటన్ ఫోన్ నుంచి *99# నొక్కి బ్యాంకు డబ్బు పంపే ఏర్పాటు ఉంది. 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు బటన్ ఫోన్లకు కూడా యూపీఐ తెచ్చింది. డబ్బు పంపడానికే అది వీలైనప్పుడు, పత్తి స్లాటు ఇవ్వడానికి ఎందుకు వీలు కాదు? ఈ ప్రశ్న మనం మండల అధికారి ముందూ, జిల్లా కలెక్టర్ ముందూ పెట్టాలి.

సభ్యులు అడిగినవి

ఒక అన్న అడిగాడు: ‘నా ఫోన్ 16 జీబీదే, కొత్తది కొనలేను. యాప్‌లను కార్డులోకి అసలే మార్చకూడదా?’ మార్చవచ్చు, ఏవి మార్చాలో చూసుకోవాలి. పిల్లల ఆటలు, పాటల యాప్‌లు కార్డులోకి పంపండి. అవి ఒక రోజు తెరుచుకోకపోయినా మనకు పోయేదేమీ లేదు. బ్యాంకు, యూపీఐ, పంట, ఆధార్ యాప్‌లు మాత్రం లోపలే ఉండాలి. సీజన్ అయిపోయాక స్లాట్ యాప్ తీసేసి, మళ్లీ సీజన్‌కు పది రోజుల ముందు ఎక్కించుకున్నా సరే. కానీ తీసేముందు రిజిస్ట్రేషన్ నంబరును కాగితం మీద రాసుకోండి.

ఒక చెల్లె అడిగింది: ‘మా ఫోన్‌లో కార్డు పెట్టే చోటే లేదు.’ ఈ మధ్య వచ్చే కొన్ని ఫోన్లకు ఉండటం లేదు. అలాంటప్పుడు ఫోన్‌కే పెట్టుకునే ఓటీజీ పెన్‌డ్రైవ్ దొరుకుతుంది. నెలకొకసారి ఫొటోలు అందులోకి మార్చి, ఇంట్లో భద్రంగా పెట్టండి. కొత్త ఫోన్ కొనేవాళ్లు మాత్రం ఒక మాట వినండి. కార్డు పెట్టుకోవచ్చులే అని తక్కువ స్టోరేజ్ ఫోన్ తీసుకోకండి. వెయ్యి రూపాయలు ఎక్కువైనా లోపల ఎక్కువ చోటున్నది తీసుకోండి. లోపలి చోటును తర్వాత పెంచుకోలేం.

ఒక పెద్దాయన అడిగాడు: ‘ఇప్పటికే నా యాప్‌లన్నీ కార్డులో ఉన్నాయి. ఏం చేయాలి?’ భయపడకండి. కార్డు తీయకండి. ముందు వాట్సాప్, ఫొటోలు తగ్గించి లోపల చోటు చేయండి. తర్వాత సెట్టింగ్స్‌లో ఒక్కో యాప్ తెరిచి, స్టోరేజ్ దగ్గర ‘ఛేంజ్’ నొక్కి లోపలికి మార్చండి. ముందు బ్యాంకు యాప్, తర్వాత పంట యాప్. అన్నీ వచ్చాక ఆ కార్డును ఫొటోలకు వాడుకోండి. చేతకాకపోతే మన ఊరి కమిటీలో చదువుకున్న పిల్లలను పట్టుకోండి.

దాని మీదే చివరి మాట. ప్రతి గ్రామ కమిటీ విత్తనాలు వేసే ముందు ఒక ఆదివారం, పత్తి తీతలు మొదలయ్యే ముందు ఒక ఆదివారం, ఊళ్లో ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టి సభ్యుల ఫోన్లు చూపించాలని ప్రతిపాదిస్తున్నాను. ఖర్చు లేదు, ఒక చాప, రెండు చాయలు చాలు. ఆ రోజే ఎవరి ఫోన్‌లో యాప్ నడవడం లేదో పేర్లు రాసుకోవాలి. ఆ జాబితాతోనే మనం అధికారి దగ్గరకు పోయి, వీళ్లకు కాగితం మీద స్లాట్ ఇవ్వండని అడగాలి. నోటిమాటగా అడిగితే చూద్దామంటారు. జాబితా పెట్టి అడిగితే జవాబు చెప్పక తప్పదు.

మా పక్క ఊరి రైతు ఈసారి కూడా పత్తే వేస్తున్నాడు. ఆయన ఫోన్‌లో యాప్ లోపలే ఉంది, నేనే మార్చి ఇచ్చాను. కొడుకుకు ట్రాక్టర్ కోసం పెన్‌డ్రైవ్ కొన్నారు. మీ ఇంటికి పోయాక మీ ఫోన్ కూడా ఒకసారి తెరిచి చూడండి.